స్కానులో ఏమీ లేదట!

"ఏమీ లేదట మాస్టారూ! మెదడంతా బాగానే ఉందట. ఇన్నాళ్ళూ పిల్లవాడి చేత అనవసరంగా మందులు మింగించాం."

ఈ మాట నాతో అన్నవాడు ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదువుకున్న విద్యార్థి. ఇప్పుడు నడివయసు దాటిన రైతు. అతని కుమారుడికి డిగ్రీ రెండవ సంవత్సరంలో స్కిజోఫ్రీనియా వచ్చింది. ఎదుట ఎవరూ లేకున్నా తనను తిట్టే గొంతులు వినబడేవి. టీవీలో వార్తలు చదివే ఆమె తన గురించే చెబుతున్నదని నమ్మేవాడు. ప్రభుత్వ వైద్యుడు వ్రాసిచ్చిన మాత్రలతో ఏడాదికి కుదుటపడ్డాడు. చేతులు వణికేవి, నడక బిగుసుకుపోయినట్లుండేది, అయినా గొంతులు తగ్గాయి. తండ్రితో పొలానికి వెళ్ళి వచ్చేవాడు. ఇంతలో పట్నంలో ఉండే బంధువు ఒకరు, "అసలు స్కాను తీయించారా? తీయిస్తే మెదడులో ఏముందో తేలిపోతుంది గదా" అన్నారు. పాడిగేదెను అమ్మి ఎమ్మారై స్కాను తీయించారు. కాగితం మీద "నార్మల్" అని వచ్చింది. ఇంటిల్లిపాదికీ అది పండుగ. మాత్రలు ఆపివేశారు.

నాలుగు నెలలు నిండకముందే ఒక తెల్లవారుజామున, చెప్పులైనా లేకుండా జాతీయ రహదారి వెంట నడిచిపోతున్న ఆ పిల్లవాణ్ణి లారీ డ్రైవరు ఎవరో ఆపి, టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి, జేబులో ఉన్న నంబరుకు ఫోను చేశాడు. ఆ డ్రైవరు ఎవరో గాని, పదికాలాలు చల్లగా ఉండాలి.

ఆ స్కాను అబద్ధం చెప్పలేదు. దానిని అడగవలసిన ప్రశ్న వేరు, వీరు అడిగిన ప్రశ్న వేరు. కాని అలా అడగమని వారికి నేర్పింది ఎవరు? రంగురంగుల మెదడు బొమ్మ వేసి, "స్కిజోఫ్రీనియా రహస్యం దొరికింది" అని ఆదివారం అనుబంధంలో శీర్షిక పెట్టినవారు నేర్పారు. "మీ మనసును మా యంత్రం చదువుతుంది" అని గోడల మీద ప్రకటనలు అంటించేవారు నేర్పారు. ఇక ఆ బొమ్మలో ఏమీ కనబడనప్పుడు, "చూశారా, జబ్బే లేదు, అంతా మందుల కంపెనీల మాయ" అనే రెండవ వర్గం వారు మిగిలిన పాఠం పూర్తిచేశారు. ఈ ఇరువర్గాలూ బయటికి కయ్యమాడుకుంటున్నట్లు కనబడతారు. లోపల వారి నమ్మకం ఒకటే: బొమ్మలో పడినదే నిజం, పడనిది అబద్ధం. నా వ్యాజ్యం ఆ నమ్మకం మీద.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ పిల్లవాడి సంగతి జరిగిన తరువాత ఈ విషయం మీద దొరికినంతా చదివాను. అర్థం కాని చోట తెలిసిన డాక్టర్లను అడిగి విసిగించాను. చదివిన కొద్దీ నాకు శాస్త్రం మీద గౌరవం పెరిగింది, శాస్త్రం పేరు చెప్పి అమ్ముకునేవారి మీద కోపమూ పెరిగింది.

మొదట ఆ ఎమ్మారై సంగతి. సాధారణంగా తీసే ఎమ్మారై మెదడు కట్టడాన్ని చూపుతుంది. ఇంటికి నక్షా వంటిది. గోడ ఎక్కడ, గది ఎంత, ఎక్కడైనా కూలిందా అన్నది తెలుస్తుంది. ఆ ఇంట్లో ఎవరు ఎవరితో ఏమి మాట్లాడుకుంటున్నారో నక్షాలో ఉండదు. వైద్యుడు ఒక్కొక్కప్పుడు ఈ స్కాను తీయించమనడం న్యాయమే. మెదడులో కణితి గాని, వాపు గాని ఉన్నా ఇటువంటి లక్షణాలు రావచ్చు. అవి లేవని తేల్చుకోవడానికి అది పనికివస్తుంది. అక్కడ "నార్మల్" అనే మాటకు అర్థం "ఆ వేరే జబ్బులు కనబడలేదు" అని. "స్కిజోఫ్రీనియా లేదు" అని కాదు. ఇంత చిన్న వాక్యం ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చేవాడు కాడు.

"మరి డోపమైన్‌ను చూపించే స్కానులు ఉన్నాయట గదా, అవి తీయిస్తే సరి" అంటారు కొంచెం చదువుకున్నవారు. ఉన్నాయి. వాటి కథ తెలుసుకోదగినది కూడాను.

1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రొమజైన్ అనే మందును మానసిక రోగులకిచ్చి చూశారు. ఏళ్ళ తరబడి అల్లాడినవారు నెమ్మదించారు. ఎందుకు నెమ్మదించారో అప్పటికి ఎవరికీ తెలియదు. 1963లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్, ఈ మందులు మెదడులో డోపమైన్ వంటి నాడీ రసాయనాల పనికి అడ్డుపడుతున్నాయన్న ఆధారం చూపించారు. 1970ల నడుమ టొరంటోలో ఫిలిప్ సీమన్, అమెరికాలో సాలమన్ స్నైడర్ బృందాలు ఒక సంగతి తేల్చాయి. ఏ మందు డోపమైన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, ఆ మందు అంత తక్కువ మోతాదులో రోగికి పనిచేస్తున్నది. ఈ పొంతన అందరినీ ఆశ్చర్యపరిచింది.

దానినుంచి పుట్టినదే డోపమైన్ సిద్ధాంతం. డోపమైన్‌ను అడ్డుకుంటే గొంతులు తగ్గుతున్నాయి, కనుక డోపమైన్ ఎక్కువ కావడం వల్లనే గొంతులు వస్తున్నాయి అన్నారు. వినడానికి బాగుంది. కాని తర్కం చదువుకున్నవారికి ఇక్కడ ముల్లు గుచ్చుకుంటుంది. పొగను చూసి నిప్పు ఉన్నదని ఊహించవచ్చు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండి తీరుతుందని అనలేము. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. తలుపు మూస్తే ధ్వని తగ్గిందంటే, తలుపే ధ్వని చేస్తున్నదని అర్థమా? కార్యం నుంచి కారణానికి వెనక్కి నడిచేటప్పుడు అడుగు చూసి వేయాలి. శాస్త్రజ్ఞులకు ఈ సంగతి తెలుసు. అందుకే బ్రతికి ఉన్న మనిషి మెదడులోకి తొంగిచూడాలని తపించారు.

1983లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రీ వాగ్నర్ తన తలనే యంత్రంలో పెట్టించుకున్నారు. సజీవ మానవుని మెదడులో డోపమైన్ గ్రాహకాలను పెట్ స్కాను ద్వారా అలా మొదటిసారి చిత్రించారు. పరీక్షకు తన తలనే ముందు పెట్టిన ఆ పెద్దమనిషికి నమస్కరిస్తున్నాను.

ఇంతకూ ఆ యంత్రం ఏమి చూస్తుంది? మన పల్లెటూరి బస్సును తలచుకోండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోనుంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాము. నాడీకణానికీ నాడీకణానికీ నడుమ ఒక సన్నని ఎడం ఉంటుంది. ఒక కణం విడిచిన డోపమైన్ ఆ ఎడాన్ని దాటి, అవతలి కణం మీద ఉన్న గ్రాహకంలో కూర్చుంటే సందేశం అందినట్లు. గ్రాహకాలు సీట్లు, డోపమైన్ ప్రయాణికుడు. పరీక్ష చేసేవారు రాక్లోప్రైడ్ వంటి ఒక పదార్థానికి రేడియోధార్మికత అద్ది, అతి స్వల్పంగా రక్తంలోకి పంపుతారు. అది ఖాళీ సీట్లలో కూర్చుని, తానెక్కడ ఉన్నదో కిరణాల ద్వారా తెలుపుతుంది. డోపమైన్ గాని, మందు గాని ముందే వచ్చి తువ్వాలు వేసి ఉంటే దానికి చోటు దొరకదు. కిరణాలు తగ్గుతాయి. ఆ తగ్గుదలనుబట్టి ఎన్ని సీట్లు నిండి ఉన్నాయో గణితం కడతారు. ఇందుకు వాడే కార్బన్-11 అనే ద్రవ్యం ప్రతి 20 నిమిషాలకూ సగానికి సగం తరిగిపోతుంది. కనుక దానిని తయారుచేసే సైక్లోట్రాన్ చేరువలోనే ఉండాలి. మన నగరాలలో కనబడే పెట్ స్కాను కేంద్రాలు ప్రధానంగా క్యాన్సరు కోసం, చక్కెర వంటి మరొక పదార్థంతో పనిచేసేవి. డోపమైన్ గ్రాహకాల చిత్రణ ఎక్కడ జరిగినా ప్రధానంగా పరిశోధన కోసమే.

కనుక చూడండి, యంత్రానికి డోపమైన్ కనబడనే కనబడదు. మరొకదానికి చోటు దొరకకపోవడాన్నిబట్టి డోపమైన్ ఉన్నదని లెక్క వేస్తుంది. మన పూర్వుల పరిభాషలో ఇది ప్రత్యక్ష ప్రమాణం కాదు, అనుమాన ప్రమాణం. అనుమానం అంటే ఇక్కడ సందేహం అని కాదు, హేతువును చూసి ఊహించడం. మంచి ప్రమాణమే. కాని పత్రికలో ఆ బొమ్మ అచ్చయ్యేసరికి ప్రత్యక్షమైపోతుంది! ఎరుపు, పసుపు, నీలం రంగులు మెదడులో పుట్టినవని పాఠకుడు అనుకుంటాడు. అవి అంకెలకు కంప్యూటరు వేసిన వేషాలు. కళాకారుడు మనసు మార్చుకుంటే ఎరుపు ఆకుపచ్చ అవుతుంది. రోగి మెదడు మారదు.

ఇక ఆ అంకెలు ఏమన్నాయి? 1986లో జాన్స్ హాప్కిన్స్ వారు, అంతకుముందు మందు వాడని రోగులలో డోపమైన్ గ్రాహకాలు ఆరోగ్యవంతులకన్న బాగా ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. మరుసటి ఏడే స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో లార్స్ ఫార్డే బృందం వేరొక పదార్థంతో కొలిచి, అటువంటి తేడా ఏమీ లేదన్నది. ఇద్దరూ ఉద్దండులే, ఇద్దరివీ గొప్ప యంత్రాలే. జవాబులు తూర్పూ పడమరా. 1986లో ఎవరైనా "గ్రాహకాలు లెక్కపెట్టి జబ్బు చెబుతాము" అని దుకాణం తెరచి ఉంటే, 1987లో దానిని ఏమి చేసుకునేవారు?

శాస్త్రం అక్కడితో ఆగలేదు. అది దాని గొప్పతనం. సీట్ల సంఖ్యను వదలి ప్రయాణికుల రద్దీని కొలిచారు. 1995లో ఫిన్లాండ్‌లోని తుర్కులో, మందు వాడని రోగుల మెదడు లోతున ఉండే స్ట్రయేటం అనే భాగం డోపమైన్‌ను తయారుచేసే సామర్థ్యం ఎక్కువగా ఉన్నదని చూపించారు. 1996లో అమెరికాలో మార్క్ లారుయెల్ బృందం, ఆంఫెటమిన్ ఇచ్చి చూస్తే రోగులలో డోపమైన్ మరింత వెల్లువగా విడుదల అవుతున్నదని కనుగొన్నది. 2012లో లండన్‌లోని ఆలివర్ హౌస్, సహచరులు అప్పటి అధ్యయనాలన్నీ కలిపి తూచారు. సీట్ల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు, తయారీలో విడుదలలో తేడా ఉన్నది అని తేల్చారు. ఇది నిలకడైన ఫలితం. దీనిని నేను తేలిక చేయడం లేదు.

కాని ఆ తేడా ఎవరిది? ఒక గుంపు సగటుకూ మరొక గుంపు సగటుకూ ఉన్న తేడా. నేను బడిపంతులను గనుక మార్కులలో చెబుతాను. ఎ సెక్షను సగటు 62, బి సెక్షను సగటు 54 అనుకోండి. ఎ సెక్షను మెరుగని నిస్సందేహంగా అనవచ్చు. ఇప్పుడు 58 మార్కులు వచ్చిన ఒక్క జవాబుపత్రం మీ చేతికిచ్చి, ఈ పిల్లవాడు ఏ సెక్షనువాడో చెప్పండి అంటే? 2012 నాటి ఆ విశ్లేషణలో తేలిన తేడాను ఇలా అనువదించుకోవచ్చు. ఒక రోగినీ ఒక ఆరోగ్యవంతుణ్ణీ ఎవరినో ఒకరిని తీసుకుని పోల్చితే, సుమారు పదింట ఏడుసార్లు రోగి అంకె పెద్దది, మూడుసార్లు ఆరోగ్యవంతుడిదే పెద్దది. ఈ కొలతతో ఒక మనిషి నుదుట ముద్ర వేయడానికి ఎవరికి చేయి వస్తుంది?

లక్షణం చెప్పేటప్పుడు మూడు దోషాలు ఉండరాదని మన తర్కశాస్త్రం. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. ఆవుకు లక్షణం చెప్పమంటే "నల్లగా ఉండేది" అనరాదు, తెల్లావు జారిపోతుంది. అది అవ్యాప్తి. "కొమ్ములు గలది" అనరాదు, గేదె కూడా దూరుతుంది. అది అతివ్యాప్తి. "ఒంటి గిట్ట గలది" అన్నామా, ఏ ఆవుకూ అది చెల్లదు, అసంభవం. "స్ట్రయేటంలో డోపమైన్ తయారీ ఎక్కువగా ఉండడమే స్కిజోఫ్రీనియా" అనే లక్షణాన్ని ఈ గీటురాయి మీద గీసి చూద్దాం. 2012లోనే లండన్‌లో అర్సిమ్ డెమ్జాహా బృందం, మామూలు మందులకు లొంగని స్కిజోఫ్రీనియా రోగులను పెట్ స్కానులో చూసింది. వారి డోపమైన్ తయారీ ఆరోగ్యవంతుల స్థాయిలోనే ఉన్నది. అందరికన్న ఎక్కువ బాధపడే రోగులే ఈ నిర్వచనంలోనుంచి జారిపోయారు. ఇది అవ్యాప్తి. 2017లో సమీర్ జౌహర్ బృందం, బైపోలార్ వ్యాధిలో ఉన్మాద లక్షణాలు వచ్చినవారినీ చూసింది. వారిలోనూ తయారీ ఎక్కువే. ఇది అతివ్యాప్తి. మూడవ దోషం లేదు గనుక పరిశోధనకు విలువ ఉంది. మొదటి రెండూ ఉన్నాయి గనుక దుకాణానికి విలువ లేదు. 2018లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిపుణుల బృందం కూడా, ఏ మానసిక వ్యాధినైనా నిర్ధారించడానికి మెదడు చిత్రణ ఇంకా పనికిరాదనే తేల్చింది.

ఇక్కడ "మెదడులో రసాయనాల అసమతుల్యత" అనే మాట గురించి ఒక్క మాట. గంగలో పల్లె ఉన్నది అంటే నీళ్ళలో ఇళ్ళున్నాయని ఎవరూ అనుకోరు. గంగ ఒడ్డున అని లక్ష్యార్థం తీసుకుంటాము. "అసమతుల్యత" కూడా వైద్యుడు రోగి బంధువులకు సులువుగా చెప్పడానికి వాడిన లాక్షణిక ప్రయోగం. దానిని వాచ్యార్థంగా పట్టుకున్నవారు, పప్పులో ఉప్పు చూసినట్లు మెదడులో డోపమైన్ చూసి చెప్పమంటున్నారు. మెదడులో ఒక్క డోపమైనే లేదు. గ్లుటమేట్ ఉంది, అసిటైల్‌కోలిన్ ఉంది. పైన చెప్పిన మందుకు లొంగనివారిలోనే, ఒక మెదడు భాగంలో గ్లుటమేట్ ఎక్కువగా ఉన్నట్లు 2014లో చూశారు. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన జానోమెలిన్, ట్రోస్పియం కలిపిన మందు డోపమైన్ గ్రాహకాలను అడ్డుకోనే అడ్డుకోదు. అసిటైల్‌కోలిన్ దారిన వెళ్ళి పనిచేస్తుంది. ఒకే రసాయనం, ఒకే బొమ్మ, ఒకే జబ్బు అనే సమీకరణం ఎంత పేలవమో దీనివల్ల తెలియడం లేదా?

ఇప్పుడు రెండవ వర్గం వైపు తిరుగుతాను. వారు ఇంతవరకూ నా మాటలకు చప్పట్లు కొడుతూ ఉంటారని తెలుసు. "స్కానులో కనబడదు, శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు, కనుక జబ్బు లేదు. అది గాలి సోకడమో, పెంపకం లోపమో, మందుల వ్యాపారమో" అంటారు. అయ్యా, ఆగండి. యంత్రానికి అందకపోవడం లేకపోవడం కాదు. కడుపులో ఆకలిని ఏ స్కాను చూపింది? స్కిజోఫ్రీనియా నిర్ధారణ ఎప్పుడూ ఫోటో మీద నిలబడలేదు. అనుభవజ్ఞుడైన వైద్యుడు రోగి మాట వినడం మీద, ఇంటివారిని అడగడం మీద, నెలల తరబడి గమనించడం మీద నిలబడింది. మందు విలువ కూడా ఫోటో మీద నిలబడలేదు. 65 ప్రయోగాలను కలిపి 2012లో ప్రచురించిన విశ్లేషణలో, మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినది నూటికి 27 మందికి. మందు మాన్పించి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 64 మందికి. ఈ రెండు అంకెల నడుమ ఉన్న 37 మందిలో ఒకడు ఆ తెల్లవారుజామున రహదారి మీద నడిచాడు.

జబ్బు లేదన్నవారి చేతికి రోగిని అప్పగిస్తే ఏమవుతుందో మన పొరుగున చూశాము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగుల పాకకు నిప్పంటుకుంది. పారిపోవడానికి వీలులేక 28 మంది కాలిపోయారు. అటువంటి చోటులు ఒక్క మతానికే లేవు, అన్ని మతాలకూ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. చట్టం గొలుసును తెంపగలదు. "స్కానులో ఏమీ లేదు గదా, వేషాలు వేస్తున్నాడు" అన్న మాటను తెంపవలసింది మనము.

"అయితే ఈ చిత్రణ అంతా దండుగేనా?" అని అడిగేవారికి నా జవాబు, కాదు. దాని అసలు దానం వేరొకచోట ఉంది. దాని గురించి అనుబంధాలలో ఎవరూ శీర్షిక పెట్టరు.

ఒకప్పుడు ఈ మందులను ఎక్కువ మోతాదులో ఇస్తే ఎక్కువ మేలని చాలామంది నమ్మేవారు. 1988లో ఫార్డే బృందం, మందు వాడుతున్న రోగులలో ఎన్ని డోపమైన్ సీట్లు నిండాయో కొలిచింది. 65 నుంచి 85 శాతం నిండి ఉన్నాయి. 2000లో టొరంటోలో శితిజ్ కపూర్ బృందం, తొలిసారి జబ్బు పడిన 22 మందికి కొద్ది మోతాదులో హాలోపెరిడాల్ ఇచ్చి అందరికీ పెట్ స్కాను తీసింది. 65 శాతం సీట్లు నిండితే గుణం కనిపించే అవకాశం బాగా పెరిగింది. 78 శాతం దాటితే వణుకు, బిగుసుకుపోవడం వంటివి పెరిగాయి. మేలుకూ కీడుకూ నడుమ ఇరుకైన గట్టు ఒకటి ఉన్నదని, ఆ గట్టు మీద నడవడానికి పెద్ద మోతాదులు అక్కరలేదని ఆ కొలతలు చూపించాయి. అంతకుముందే 1996లో అదే బృందం, రోజుకు 2 మిల్లీగ్రాముల హాలోపెరిడాల్ సగటున 67 శాతం సీట్లను నింపుతున్నదని చూపింది. ఈ అంకెలు చదివి ఎవరూ ఇంట్లో మాత్రను సగానికి విరవవద్దు. ఏ మందు ఎంత, ఎవరికి ఎంత అన్నది వైద్యుడి పని. కాని వైద్యుణ్ణి "అయ్యా, చేతులు వణుకుతున్నాయి, మోతాదు చూస్తారా?" అని అడిగే హక్కు మనకు ఉన్నది. ఆ హక్కుకు బలమిచ్చినవి ఆ స్కానులే.

అదే కపూర్ 2003లో ఇంకొక ఆలోచన చెప్పారు. లోకంలో దేనిని పట్టించుకోవాలి, దేనిని వదిలేయాలి అని మనసుకు గుర్తుపెట్టడంలో డోపమైన్‌కు పాత్ర ఉన్నది. అది అదుపు తప్పితే, అప్రధానమైనవి కూడా మహా ప్రధానంగా తోస్తాయి. వార్తలు చదివే ఆమె రెప్పపాటులో రహస్య సంకేతం కనబడుతుంది. ఆ అనుభవానికి అర్థం వెదుక్కునే ప్రయత్నమే భ్రమ అవుతుంది. ఇది చదివినప్పుడు ఆ పిల్లవాడు నాకు మొదటిసారి అర్థమైనట్లనిపించింది. వాడు అబద్ధమాడలేదు, వేషం వేయలేదు. వాడి మనసు ప్రతి అక్షరం కింద గీత గీస్తున్నది. అన్ని అక్షరాల కింద గీత ఉన్న పుస్తకాన్ని ఎవరైనా ఎలా చదవగలరు? అయితే గీతలు ఎక్కువయ్యాయని యంత్రం చెప్పగలదేమో గాని, వాడికి వినిపించే గొంతు ఎవరిదో, ఏమంటున్నదో వాడు చెబితేనే తెలుస్తుంది. వినడానికి ఒక మనిషి కావాలి. యంత్రం ఆ మనిషి కుర్చీలో కూర్చోలేదు.

కనుక చదువరులను ఒకటే కోరుతున్నాను. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని ఇటువంటి స్థితి వస్తే, స్కానుకు డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "దీని ఫలితం ఏది వచ్చినా చికిత్స ఏమి మారుతుంది?" వైద్యుడు "వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి" అంటే తీయించండి, నార్మల్ అని వస్తే సంతోషించి, మందు కొనసాగించండి. "స్కిజోఫ్రీనియా ఉందో లేదో స్కానులో తెలిసిపోతుంది" అని ఎవరైనా అంటే లేచి రండి. గేదెను అమ్మవద్దు.

ఆ పిల్లవాడు మళ్ళీ మందులు మొదలుపెట్టాడు. ఈసారి తండ్రి అడిగితే, డాక్టరుగారు ఓపికగా విని తక్కువ మోతాదుతో ఆరంభించారు. వణుకు లేదు. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, వాకిట్లో కూర్చుని, గొంతులు ఇప్పుడు దూరంగా, పక్కవీధి మైకులా వినబడుతున్నాయని చెప్పాడు. నేను విన్నాను. వాడు వెళ్ళాక తండ్రితో అన్నాను: "ఒరే, మీవాడికి స్కాను వల్ల మేలు జరగలేదని ఎవరన్నారు? జరిగింది. అయితే అది నీవు గేదెను అమ్మి తీయించినది కాదు. ఎక్కడో స్టాక్‌హోంలో, టొరంటోలో, పేరు తెలియని రోగులు కొందరు యంత్రంలో తల పెట్టి కదలకుండా పడుకున్నారు. వాళ్ళ పుణ్యాన ఈ మాత్ర చిన్నదైంది."

అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "వాళ్ళకు నయమైందా మాస్టారూ?" అని అడిగాడు.